చదరంగం బల్ల మీది మొత్తం గింజలు: 18446744073709551615 లోపల ఏముంది?

గాజువాక నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్ళకీ కలిపి ఎన్ని గింజలు? వాళ్ళ తాతగారు ఒక పాత పద్యం చదివి 18446744073709551615 అన్నారట. ఈ పిల్ల కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి లెక్క వేస్తే 18446744073709552000 అని వచ్చింది. ఈ రెంటిలో ఏది సరైనది? ఇది ప్రధాన సంఖ్యా? కాకపోతే దీని కారణాంకాలు చేత్తో కనుక్కోవచ్చా, ఇరవై అంకెల సంఖ్యకి అది మనవల్ల అయ్యే పనేనా?

తల్లీ, తాతగారి పద్యమే సరైనది. కారణాంకాలు కూడా చేత్తో కనుక్కోవచ్చు. కాగితం, పెన్ను, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే చాలు. విశాఖపట్నంలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఇష్టమైన సంఖ్యల్లో ఇదొకటి. అందుకే కాస్త విస్తారంగా చెబుతాను. ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచీ మనసులో పెట్టుకో. పెద్ద సంఖ్య కనబడగానే అందరూ దాని అంకెల వైపు చూస్తారు. దాన్ని ఎలా తయారు చేశారో చూడాలి. ఈ సంఖ్య రెట్టించడంలోంచి పుట్టింది. దీని గుణాలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ముందు ఏది తప్పో తేల్చేద్దాం. మొదటి గడిలో ఒకే గింజ. మిగతా 63 గళ్ళలోనూ ఉన్నవి సరిసంఖ్యలు. సరిసంఖ్యల మొత్తానికి ఒకటి కలిపితే బేసి రావాలి. బ్రౌజర్ చూపించింది సరిసంఖ్య. కాబట్టి అది ఈ లెక్కకి జవాబు అయ్యే వీలే లేదు. ఇంత పెద్ద సంఖ్యని తోసిపుచ్చడానికి ఒక్క గింజ సరిపోయింది చూశావా.

బ్రౌజర్ అలా ఎందుకు చెప్పిందంటే, అది సంఖ్యల్ని మామూలుగా 53 ద్వియాంశ అంకెల (0, 1 మాత్రమే వాడే అంకెల) మేరకే కచ్చితంగా దాచుకుంటుంది. మన సంఖ్యకి 64 కావాలి. అందుకని దగ్గరలో తను దాచుకోగలిగిన సంఖ్యకి జరుపుతుంది. ఆ తర్వాత చూపించేటప్పుడు అవసరమైనన్ని అంకెలు చూపించి మిగతాచోట సున్నాలు పెడుతుంది. లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా ముందే, 15 అంకెల దగ్గరే ఆపేస్తుంది. యంత్రాన్ని నమ్మొద్దని కాదు, అది ఎన్ని అంకెల వరకు మాట ఇస్తోందో తెలుసుకుని వాడుకోవాలి.

ఇప్పుడు సరైన విలువ చేత్తో. గుణశ్రేణి మొత్తం నీకు తెలుసు: 1 + 2 + 4 + … + 2⁶³ = 2⁶⁴ − 1. సూత్రం గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. ఆ మొత్తానికి ఇంకొక్క గింజ కలుపు. 1కి 1 కలిపితే 2, దానికి రెండో గడిలోని 2 కలిపితే 4, దానికి మూడో గడిలోని 4 కలిపితే 8. ఇలా చివరి గడి దాటేసరికి 2⁶⁴ వస్తుంది. కలిపిన ఒక్కటీ వెనక్కి తీసేస్తే మన సంఖ్య.

2⁶⁴ కోసం 64 సార్లు రెట్టించనక్కర్లేదు. వర్గం చేస్తూ పో: 2, 4, 16, 256, 65536, 4294967296. చివరిది 2³². దాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే చాలు. పది అంకెల సంఖ్య కాబట్టి రెండు ముక్కలు చెయ్యి: 42949 ఒకటి, 67296 ఒకటి. మొదటి దాని వర్గం 1844616601. రెండో దాని వర్గం 4528751616. రెంటి లబ్ధానికి రెట్టింపు 5780591808. వీటిని స్థానాలు చూసి కలుపు. మొదటి దాని పక్కన పది సున్నాలు, రెట్టింపు లబ్ధం పక్కన ఐదు సున్నాలు, రెండో వర్గం ఉన్నదున్నట్టు. మొత్తం 18446744073709551616. ఒకటి తీసేస్తే తాతగారి సంఖ్య.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చదవాలంటే: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను.

ఆ పద్యం గురించి కూడా చెప్పాలి. అది పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన చంపకమాల. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు మల్లన. పద్యంలో అంకెలు ఎక్కడా కనబడవు, వాటికి బదులు వస్తువుల పేర్లుంటాయి: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు ఐదు, కాబట్టి శరమూ సాయకమూ 5. చంద్రుడు ఒక్కడే, కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు మూడూ 1. ఒంటికి నవరంధ్రాలు, 9. ఆకాశం శూన్యం, 0. కులపర్వతాలు ఏడు, అగ్నులు మూడు, సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, తర్కాలు ఆరు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది. అంకెలు కుడి నుంచి ఎడమకి పేర్చాలన్నది నియమం, ఒకట్ల స్థానం ముందు వస్తుంది. పేర్చి చూడు, ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు పోదు. అంతకుముందే, సుమారు 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ కూడా ఈ మొత్తాన్ని కచ్చితంగా లెక్కకట్టాడు. నాకు నచ్చేది ఏమిటంటే, పద్యంలో ఛందస్సు కాపలా కాస్తుంది. తాళపత్రం నకలు తీసేవాడు ఒక పేరు వదిలేస్తే గణం చెడి వెంటనే దొరికిపోతాడు. బ్రౌజర్ చివరి అంకెలు మింగేసినా ఎవరికీ తెలియదు.

ఇది ఎంత పెద్దదో విశాఖలో ఉండి చెప్పడం తేలిక. గ్రాముకి యాభై బియ్యపు గింజలు అనుకుందాం. అప్పుడు మొత్తం బరువు సుమారు 36,890 కోట్ల టన్నులు. మన విశాఖ పోర్టులో ఏడాదికి అన్ని రకాల సరుకూ కలిపి దాదాపు 8 కోట్ల టన్నులు ఎక్కుదిగుతాయి. బొగ్గు, ఇనుప ఖనిజం, చమురు అన్నీ మానేసి పోర్టు మొత్తం ఈ బియ్యమే ఎత్తినా 4,600 ఏళ్ళు పడుతుంది. ఘనపు మీటరు బియ్యం 800 కిలోలు తూగుతాయనుకుని నగరపాలక సంస్థ పరిధి సుమారు 680 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే, మందం ఆరు వందల మీటర్లు దాటుతుంది. కైలాసగిరీ, సింహాచలం గుడీ అడుగున పడిపోతాయి. పళ్ళేల దొంతరని ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి ఒక్కొక్కటిగా మార్చే ఆట ఒకటుంది; ఎడువార్ ల్యూకా 1883లో బయటపెట్టిన ఆ హనోయ్ గోపురం ఆటలో 64 పళ్ళేలు ఉంటే కావలసిన కదలికలు కూడా సరిగ్గా ఇన్నే. సెకనుకి ఒక కదలిక చొప్పున 58,000 కోట్ల ఏళ్ళు దాటుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. పరిమాణం గురించి ఇక చాలు, అసలు సంగతి కారణాంకాల్లో ఉంది.

చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెల మొత్తం 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. ప్రధాన సంఖ్య కాదని ఇక్కడే తేలిపోయింది. అయితే అంకెలు చూసి ఇంతవరకే రాగలం. ఇక తయారీ వైపు చూద్దాం. 2⁶⁴ − 1 అంటే రెండు వర్గాల తేడా. కాబట్టి (2³² − 1)(2³² + 1). మొదటి బ్రాకెట్ మళ్ళీ రెండు వర్గాల తేడాయే. అలా విడదీస్తూ పోతే:

2⁶⁴ − 1 = (2 + 1)(2² + 1)(2⁴ + 1)(2⁸ + 1)(2¹⁶ + 1)(2³² + 1)

అంటే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఇరవై అంకెల సంఖ్య ఒక్క భాగహారం లేకుండా ఆరు ముక్కలైంది. ఈ ముక్కలకి ఫెర్మా సంఖ్యలని పేరు. 1640 ప్రాంతంలో ఫెర్మా ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మి ఉత్తరాల్లో రాశాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297 దగ్గర ఆయన నమ్మకం నిలబడలేదు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపించాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆయిలర్‌కి 641 ఎలా తట్టింది? 3, 7, 11, 13 అని ఒక్కొక్క ప్రధానంతోనూ భాగిస్తూ కూర్చుంటే 641 వచ్చేది వందకి పైగా ప్రయత్నాల తర్వాత. ఆయన ప్రయత్నించవలసినవి ఐదే. ఎందుకో చెబుతాను, ఈ సమాధానంలో నువ్వు జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇదే.

ఏదైనా బేసి ప్రధాన సంఖ్య తీసుకో, 7 అనుకో. 1తో మొదలుపెట్టి రెట్టిస్తూ, 7తో భాగిస్తే వచ్చే శేషాలు రాయి: 1, 2, 4, మళ్ళీ 1. మూడు అడుగుల్లో తిరిగి 1కి వచ్చాం. కాబట్టి 2³ − 1, 2⁶ − 1, 2⁹ − 1 లాంటివి మాత్రమే 7తో పోతాయి. 64 మూడుతో పోదు, అందువల్ల మన సంఖ్య 7తో పోదు. 11 తీసుకుంటే చక్రం పొడవు 10, 13కి 12, 31కి 5, 127కి 7. ఇవేవీ 64ని భాగించవు. మన సంఖ్యని భాగించాలంటే చక్రం పొడవు 64కి భాజకం కావాలి, అంటే 2, 4, 8, 16, 32, 64 వీటిలో ఒకటి. 3కి చక్రం 2, 5కి 4, 17కి 8, 257కి 16, 65537కి 32. ఎంత వరుసగా వచ్చాయో చూడు. అంకెలు చూస్తే ఈ వరుస ఎప్పటికీ కనబడదు.

ఇప్పుడు 2³² + 1ని భాగించే ప్రధానం ఏదైనా ఉందనుకో. దానితో భాగిస్తే 2³² శేషం −1. వర్గం చేస్తే 2⁶⁴ శేషం 1. 32 అడుగులకి −1 దగ్గర ఉన్నాం, 64కి 1 దగ్గరికి వచ్చాం, కాబట్టి చక్రం పొడవు కచ్చితంగా 64. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధానం కన్నా ఒకటి తక్కువ సంఖ్యని భాగిస్తుంది. అంటే ఆ ప్రధానం 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641… వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదోది తగిలింది.

641తో నిజంగా పోతుందా అన్నది భాగహారం లేకుండా కూడా చూడొచ్చు. 641 = 5 × 2⁷ + 1. అదే 641 = 5⁴ + 2⁴ కూడా, 625కి 16 కలిపితే అంతే కదా. మొదటి దాని ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో దాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² శేషం 1. అంటే 2³² + 1 శేషం సున్నా. నాలుగు వాక్యాల్లో పది అంకెల సంఖ్యని పడగొట్టాం. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉండేది, ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే.

భాగిస్తే 4294967297 = 641 × 6700417. మరి 6700417 ప్రధానమేనా? చాలామంది ఇక్కడ పుస్తకం చూసి నమ్మేస్తారు. నువ్వు నమ్మకు, చేసి చూడు, పది నిమిషాలే. ల్యూకా 1878లో ఆయిలర్ నియమాన్ని ఇంకొంచెం బిగించాడు. ఈ భాజకాలు 64 గుణిజానికే కాదు, 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలో ఉండాలి. 6700417 వర్గమూలం 2588 దాటి కాస్త. అంతలోపల ఆ రూపంలో ఉన్న ప్రధానాలు 257, 641, 769, 1153, 1409, అంతే. 257కి చక్రం 16 అని పైన చూశాం, 64 కావాలి కాబట్టి అది కుదరదు. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధానమే. ఇదే పద్ధతిలో 65537కి ఎన్ని భాగహారాలు కావాలో తెలుసా? ఒక్కటే. అది 2¹⁶ + 1 కాబట్టి ల్యూకా నియమంలో 128 బదులు 64 వస్తుంది; 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధానాల్లో 256 లోపలిది 193 మాత్రమే, దానితో భాగిస్తే శేషం 110.

కాబట్టి పూర్తి విడదీత:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాలేదు. భాజకాల సంఖ్య 2⁷, అంటే 128. రెట్టింపుల్లోంచి పుట్టిన సంఖ్యకి భాజకాల లెక్క కూడా రెండు ఘాతంగా రావడం ముచ్చటగా ఉంటుంది. అన్ని భాజకాల మొత్తం కావాలంటే 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 చెయ్యి, 31421980989189888768 వస్తుంది. అది మన సంఖ్యకి సుమారు 1.70 రెట్లు. పరిపూర్ణ సంఖ్య కావాలంటే సరిగ్గా రెండు రెట్లు ఉండాలి, ఇది అందుకోలేదు. చిన్నవాటిలో 3, 5, 17 మాత్రమే ఉన్నాయి, 7, 11, 13 లేవు. అందుకే మొత్తం అంత పెరగలేదు.

ఇరవై అంకెల సంఖ్యకి అతిపెద్ద ప్రధాన కారణాంకం ఏడు అంకెలదే కావడం అంత మామూలు సంగతి కాదు. ఇలాంటి పరిమాణంలో నూరు సంఖ్యలు తీసుకుంటే ఇంత చిన్న ముక్కలుగా విరిగేవి పదిలోపే ఉంటాయి. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న మీద గట్టి నిరూపణతో 1949లో పేపరు ప్రచురించినవారు మన వాల్తేరులోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన వి. రామస్వామి. ఆ ప్రశ్న ఇవాళ రహస్య సంకేతాల భద్రతని అంచనా కట్టేవాళ్ళకి రోజూ కావలసినది. నువ్వు రేపు బీచ్ రోడ్డు వైపు వెళుతూ విశ్వవిద్యాలయం దాటినప్పుడు ఈ మాట గుర్తు చేసుకో.

ఫెర్మా వరుసలోని మొదటి ఐదు ముక్కల్ని (3, 5, 17, 257, 65537) మాత్రం గుణిస్తే 4294967295 వస్తుంది, అంటే 2³² − 1. ఇది కూడా ప్రసిద్ధ సంఖ్యే. స్కేలు మీద కొలతలు వాడకుండా, గీత గీసే బద్ద, వృత్తలేఖినితో ఏ క్రమ బహుభుజులు గీయొచ్చన్న ప్రశ్న రెండు వేల ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 1796లో గాస్, అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు, 17 భుజాలది గీయొచ్చని చూపించాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి, ఇంకో దారి లేదు. లేదనే భాగాన్ని 1837లో వాంట్జెల్ పూర్తిచేశాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఇప్పటికీ ఆ ఐదే. అందుకని గీయగలిగే బేసి బహుభుజులుగా మనకి తెలిసినవి 31, వాటిలో పెద్దదానికి 4294967295 భుజాలు. మన సంఖ్యకున్న 128 భాజకాల్లో ఈ 31 కూడా దాగి ఉన్నాయి. ఆయిలర్ పట్టుకున్న 641 అడ్డు రాకపోతే మన సంఖ్య అన్ని భుజాలదీ గీయగలిగేవాళ్ళం.

వర్గాల సంగతి చూద్దాం. 1000ని 8 భాగిస్తుంది కాబట్టి చివరి మూడంకెలు 615 చాలు. దాన్ని 8తో భాగిస్తే శేషం 7. ఏ వర్గాన్నయినా 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే. ఆ మూడింట్లోంచి ఎలా ఏరుకున్నా మూడు కలిపి 7 రాదు, ప్రయత్నించి చూడు. కాబట్టి ఈ సంఖ్య వర్గం కాదు, రెండు వర్గాల మొత్తం కాదు, మూడు వర్గాల మొత్తం కూడా కాదు. నాలుగు వర్గాల మొత్తంగా ప్రతి సంఖ్యనీ రాయొచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. కాబట్టి దీనికి సరిగ్గా నాలుగు కావాలి.

గింజల్ని త్రిభుజంగా పేర్చగలమా? ఒక వరుసలో ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు, అలా మిగలకుండా? మొదటి నాలుగు గళ్ళ మొత్తం 15, దాన్ని ఐదు వరుసలుగా పేర్చొచ్చు. మొదటి పన్నెండు గళ్ళ మొత్తం 4095, దాన్ని 90 వరుసలుగా పేర్చొచ్చు. 64 గళ్ళదీ? ఒక సంఖ్య త్రిభుజ సంఖ్య కావాలంటే దాన్ని 8తో గుణించి ఒకటి కలిపితే వర్గం రావాలి. మన సంఖ్యకి అలా చేస్తే 2⁶⁷ − 7. ఇది వర్గమా అన్నది చూడాలి.

అమ్మా, ఇక్కడ రామానుజన్ వస్తాడు. 1913లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఆయన ఒక ప్రశ్న పెట్టాడు. రెండు ఘాతం నుంచి 7 తీసేస్తే వర్గం వచ్చేది ఘాతాంకం 3, 4, 5, 7, 15 అయినప్పుడే, ఇంకెప్పుడూ కాదనీ, దాన్ని పరిశీలించమనీ. 1948లో నాగెల్ నిరూపించాడు. ఆ జాబితాలో 67 లేదు. కాబట్టి 64 గళ్ళ మొత్తాన్ని త్రిభుజంగా పేర్చలేం. చదరంగం బల్ల మీద ఆ అదృష్టం ఉన్నవి మొదటి గడి దగ్గర 1, రెండో గడి దగ్గర 3, నాలుగో దగ్గర 15, పన్నెండో దగ్గర 4095, అంతే.

నాగెల్ నిరూపణ నీకు ఇప్పుడే అందదు. ఈ ఒక్క 67 కోసం అది అక్కర్లేదు కూడా. 11తో భాగిస్తే రెట్టింపుల చక్రం పొడవు 10, కాబట్టి 2⁶⁷ శేషం 2⁷ శేషమే: 128ని 11తో భాగిస్తే 7. దాంట్లోంచి 7 తీస్తే సున్నా. అంటే 2⁶⁷ − 7 పదకొండుతో పోతుంది. వర్గమైతే 121తో కూడా పోవాలి. 121తో భాగిస్తూ శేషాలు చూడు: 2⁷ శేషం 7, 2¹⁴ శేషం 49, 2²⁸ శేషం −19, 2⁵⁶ శేషం −2. 2¹¹ శేషం −9. చివరి రెంటినీ గుణిస్తే 2⁶⁷ శేషం 18. ఏడు తీస్తే 11 మిగిలింది, సున్నా కాలేదు. పదకొండుతో ఒక్కసారే పోయే సంఖ్య వర్గం కాలేదు. ఇంటర్ పిల్లకి అందే నిరూపణ ఇది, నోట్సులో రాసుకో.

కంప్యూటర్ వైపు నుంచి ఒక మాట. ద్వియాంశ పద్ధతిలో ఈ సంఖ్య అంటే వరసగా 64 ఒకట్లు. అందుకే 64 బిట్ల గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే. ఇంకొక్కటి కలిపితే గడి పట్టక మొత్తం సున్నా అయిపోతుంది. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ళని ఎవరినైనా అడుగు, 18446744073709551615 అనగానే గుర్తుపడతారు. కారణాంకాలు కూడా ఈ రాతలో కంటికి కనబడతాయి. 64 ఒకట్లని రెండేసి చొప్పున విడగొడితే అన్నీ 11 లే, అంటే 3తో పోతుంది. నాలుగేసి చొప్పున అయితే అన్నీ 1111, అంటే 15తో పోతుంది. ఎనిమిదేసి అయితే 255, పదహారేసి అయితే 65535. బీజగణితం లేకుండానే విడదీత సగం దొరికేసింది.

పొరుగువాళ్ళ గురించి కూడా అడుగుతావని తెలుసు. మన సంఖ్యకి కిందివైపు మొదట తగిలే ప్రధానం 18446744073709551557, అంటే 2⁶⁴ − 59. పైవైపు 2⁶⁴ దాటాక మొదటిది 2⁶⁴ + 13. మధ్యలో ఉన్న 2⁶⁴ + 1, అంటే 18446744073709551617, ఫెర్మా వరుసలో ఏడోది. అదీ ప్రధానం కాదు. 1880లో లాండ్రీ తన 82వ ఏట దాన్ని 274177 × 67280421310721గా విడదీసి ప్రచురించాడు. ల్యూకా నియమం ప్రకారం దీని భాజకాలు 256 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలో ఉండాలి. 274177 = 256 × 1071 + 1, సరిపోయింది. అంటే వరుసలో 1071వ చోట దొరికింది, ఆయిలర్‌కి దొరికినంత తేలిగ్గా కాదు. ఆ 1071 చోట్లలో 3, 5, 7తో పోయేవాటిని ముందే కొట్టేస్తే ఎన్ని మిగులుతాయో లెక్క కట్టి నాకు రాయి. తర్వాత 274177తో 2⁶⁴ శేషం −1 వస్తుందో లేదో ఆరుసార్లు వర్గం చేసి చూడు. ఇరవై అంకెల భాగహారం చేయనక్కర్లేదు, ప్రతి అడుగులోనూ శేషమే ఉంచుకుంటావు కాబట్టి వర్గం చేసే సంఖ్యలు ఆరంకెలు దాటవు.